నడుస్తున్న పాదం కింద ఒత్తిడి ఎలా కొలుస్తాం: విశాఖలో నా అనుభవం

షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి అరికాలిలో పుండు పడే ప్రమాదం ఎక్కడుందో పసిగట్టడానికి, వేసుకున్న చెప్పు నిజంగా కాపాడుతోందో లేదో తేల్చుకోవడానికి నడకలో ఒత్తిడి కొలిచే పరీక్ష చేస్తాం. విశాఖలో పాదాల పరీక్ష, పాదరక్షల తయారీ రెండూ కలిసే చోట పని చేస్తూ నేను పాటిస్తున్న పద్ధతిని, మనిషి వచ్చి కూర్చున్నప్పటి నుంచి సరిచేసిన చెప్పుతో వెళ్లేదాకా రాస్తున్నాను. రంగుల బొమ్మ తీసి చేతిలో పెట్టడంతో ఈ పరీక్ష అయిపోదు. చెప్పులో ఏం మార్చామో, మార్చాక అంకె ఎంత తగ్గిందో చూసినప్పుడే దానికి పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది.

శిబిరాల్లో గాజు పలక మీద నిలబెట్టి తీసే ఫుట్ స్కాన్ వేరు, ఇది వేరు. ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. 70 కిలోల మనిషి బరువు దాదాపు 690 న్యూటన్లు. నిలబడినప్పుడు రెండు పాదాలూ కలిపి నేలకి ఆనే చోటు 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే సగటు ఒత్తిడి 35 కిలోపాస్కల్‌కి అటూ ఇటూ (చదరపు సెంటీమీటరు మీద 0.1 న్యూటన్ పడితే అది ఒక కిలోపాస్కల్). అదే మనిషి నడుస్తూ మడమ లేపి ముందుకి తోసుకునే క్షణంలో, శరీర బరువుకి దాదాపు 110 శాతం ఒక్క పాదం ముందుభాగం మీదే పడుతుంది. అక్కడ ఆనే చోటు ఏ 50 చదరపు సెంటీమీటర్లో అనుకున్నా సగటే 150 దాటిపోతుంది. పైగా ఆ బరువు సమంగా పరుచుకోదు. వేలి మూలం దగ్గర ఎముక తల పొడుచుకొచ్చిన చోట ఒక్క చదరపు సెంటీమీటరు మీద 60 న్యూటన్లు పడితే అది 600 కిలోపాస్కల్. నిలబెట్టి చూసినప్పుడు పచ్చగా, ప్రశాంతంగా కనిపించిన చోటే నడకలో ఎర్రగా మండుతుంది. అందుకే నిలబెట్టి తీసిన బొమ్మ చూసి ఇన్‌సోల్ (చెప్పు లోపల పాదం ఆనే పొర) అమ్మేవాళ్ల మాట మీద నాకు నమ్మకం లేదు.

మా పరీక్షలో నడిపించేది ఒత్తిడి కొలిచే సెన్సర్లున్న పలక మీద. దాని మీదకి ఎక్కించే ముందు పాదాన్ని చేత్తో పట్టుకుని చూడాలి. ఈ పని తొందరగా ముగించకూడదు. వేళ్ల సందులు, మడమ పగుళ్లు, ఆనెలు, గోళ్ల అంచులు అన్నీ చూస్తాం. 10 గ్రాముల మోనోఫిలమెంట్‌ని (అంత బరువుకి వంగే నైలాను పోగుని) చర్మం మీద ఆనించి కాస్త వంగేదాకా నొక్కి, కళ్లు మూసుకున్న మనిషిని "ఇప్పుడు తగిలిందా అమ్మా? ఎక్కడ తగిలింది?" అని అడుగుతాం. గట్టి ఆనె మీద నొక్కకూడదు, అక్కడ బాగున్నవాళ్లకీ తెలియదు. తర్వాత చీలమండ వంపు. మోకాలు చాచి ఒకసారి, మడిచి ఒకసారి పాదాన్ని పైకి వంచి చూస్తే పిక్క కండర బిగువు ఎంతుందో తెలుస్తుంది. పిక్క బిగుసుకున్నవాళ్లకి మడమ తొందరగా లేచి ముందుభాగం ఎక్కువసేపు బరువు మోస్తుంది. ఈ సంగతి ముందే రాసుకుంటే తర్వాత బొమ్మలో కనిపించే ఎరుపుకి కారణం వెతుక్కోనక్కర్లేదు.

కొందరిని అసలు నడిపించకూడదు. అరికాలిలో పుండు తెరుచుకుని ఉంటే ఒట్టికాలితో పలక మీద నడిపించం. కట్టు కట్టి నడిపిస్తే గాజుగుడ్డ మందమే ఒత్తిడిని మార్చేస్తుంది, ఆ అంకెకి అర్థం ఉండదు. అంతకన్నా ముఖ్యమైనది, ఒక పాదం రెండోదానికంటే వేడిగా, వాచి, ఎర్రగా ఉండటం. రెండు పాదాల్లో ఒకే చోట చర్మం వేడి 2.2 డిగ్రీల సెల్సియస్ కంటే ఎక్కువ తేడా ఉంటే లోపల వాపు ఉన్నట్టు అనుమానించాలి. స్పర్శ లేని కాలు కాబట్టి "నొప్పేమీ లేదండీ, నిన్న బాగానే నడిచాను" అంటారు. నొప్పి లేకపోవడం ఇక్కడ ధైర్యం చెప్పే విషయం కాదు. అది షార్కో పాదం, అంటే స్పర్శ పోయిన పాదంలో ఎముకలు, కీళ్లు దెబ్బతిని కూలిపోయే జబ్బు కావచ్చు. అలాంటి కాలితో నడిచిన ప్రతి అడుగూ లోపలి ఎముకల అమరికని చెడగొడుతుంది. వెంటనే నడక ఆపించి, ఎక్స్-రేకీ డాక్టరు దగ్గరికీ పంపాలి. పరీక్ష తర్వాత చేసుకోవచ్చు.

ఆనెల విషయంలో ఒక నిర్ణయం తీసుకోవాలి. గట్టిపడిన ఆనె చెప్పులో పడిన గులకరాయిలా పని చేస్తుంది. దాన్ని చెక్కి తీసేస్తే ఆ చోట ఒత్తిడి దాదాపు నాలుగో వంతు తగ్గినట్టు అధ్యయనాలు చూపించాయి. కాబట్టి ఆనెతో కొలిచి, చెప్పు సరిచేసి, ఆనె తీశాక మళ్లీ కొలిస్తే, తగ్గింది చెప్పు గొప్పా ఆనె తీసిన గొప్పా తెలియదు. నేను పాటించే పద్ధతి, ముందు ఆనె తీయించి, చర్మం కుదురుకున్నాక మొదటి కొలత తీసుకోవడం. ఆనె తియ్యడం ఇంట్లో బ్లేడుతో చేసే పని కాదు. ఈ మాట ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో కోసుకుని పుండు తెచ్చుకోవడం చాలా మామూలు.

ఇక పలక. ఒక్క అడుగు పట్టేంత చిన్నవీ ఉంటాయి, రెండు మీటర్ల పొడవున్నవీ ఉంటాయి. ముందుగా చూడాల్సింది సెన్సర్ పరిమాణం. 5 మిల్లీమీటర్ల భుజం ఉన్న సెన్సర్లయితే ఒక చదరపు సెంటీమీటరుకి 4 వస్తాయి. సెన్సర్ పెద్దదయ్యే కొద్దీ చిన్న చోట పడే ఒత్తిడి చుట్టుపక్కల కలిసిపోయి తక్కువగా కనిపిస్తుంది. ఇందాక చెప్పిన 60 న్యూటన్లు ఒక చదరపు సెంటీమీటరు మీద పడుతుంటే, సెన్సర్ వైశాల్యం రెండు చదరపు సెంటీమీటర్లయితే తెర మీద 600 బదులు 300 చూపిస్తుంది. కాలు మారలేదు, మనిషి మారలేదు, అంకె సగమైంది. అందుకే ఒక చోట తీసిన రిపోర్టుని వేరే యంత్రం మీద తీసినదానితో పోల్చి "పెరిగింది", "తగ్గింది" అనకూడదు.

పలక నేలకి సమంగా ఉండాలి. గచ్చు తవ్వి బిగించలేకపోతే, ముందూ వెనకా అదే ఎత్తున ఈవీఏ (చెప్పుల తయారీలో వాడే ఫోమ్) షీట్లు పరిచి నాలుగైదు మీటర్ల దారి చెయ్యాలి. షీటు మరీ మెత్తగా ఉంటే అడుగు దిగబడి, పలక మీద కాలు పెట్టగానే గట్టిదనం తగిలి నడక తడబడుతుంది. పలక అంచుకీ షీటుకీ మధ్య మిల్లీమీటర్ల తేడా ఉన్నా మనిషి కాలికి అది తెలుస్తుంది, అక్కడ జాగ్రత్తగా అడుగు వేస్తాడు. ఆ జాగ్రత్త అడుగే మనకి అక్కర్లేనిది. దారి మీద తెల్ల టేపు, బాణం గుర్తు, పలక చుట్టూ గీత లాంటివేమీ ఉండకూడదు. పలక, షీటు ఒకే రంగులో ఉంటే మరీ మంచిది.

పసుపు రాసుకున్న పాదాలు, పారాణి పెట్టుకున్న పాదాలు వస్తాయి. తడిగుడ్డతో తుడిచి, ఆరాకే నడిపించాలి, లేకపోతే పలక మీది పొర జిగటగా మారుతుంది. చీర కుచ్చిళ్లు పాదం కింద పడకుండా చీలమండ పైకి దోపుకోమంటాం. మెట్టెలు మాత్రం తియ్యమని అడగను. వాటితోనే రోజూ నడుస్తారు కాబట్టి వాటితోనే కొలవాలి. అయితే వేళ్లు వంకర తిరిగినవాళ్లకి మెట్టె కింది అంచు నేలకి తగిలి చిన్న చుక్కలా కనిపించొచ్చు. అది ఎముక కాదు, మెట్టె అని రిపోర్టులో రాయాలి. స్పర్శ లేని వేలికి వాపొచ్చి మెట్టె బిగుసుకుంటే లోపలికి కోసుకుపోతుంది కూడా, ఆ జాగ్రత్త చెప్పి పంపాలి.

నడిపించడంలో రెండు పద్ధతులున్నాయి. మామూలు వేగం అందుకునేదాకా చాలా అడుగులు వేయించి మధ్య అడుగు పలక మీద పడేలా చూడటం ఒకటి. రెండో అడుగు పలక మీద పడేలా దగ్గర నుంచి మొదలుపెట్టించడం ఇంకొకటి. పాదం దెబ్బతిన్నవాళ్లకి రెండోదే నయం, ఒట్టికాలితో వేసే అడుగులు తగ్గుతాయి. మొదలుపెట్టే చోటు ఎక్కడో మనం కొలిచి చెప్పకూడదు. మనిషిని పలక మీద నిలబెట్టి, వెనక్కి తిప్పి, మామూలుగా రెండు అడుగులు వేయించి, ఆగిన చోట గుర్తు పెట్టుకుంటాం. అక్కడి నుంచి పలక వైపు నడిస్తే రెండో అడుగు దానంతటదే పలక మీద పడుతుంది. పలక దాటాక కూడా కనీసం రెండు మూడు అడుగులు వెయ్యాలి. పలక మీదే ఆగిపోతే ముందుకి తోసుకునే భాగం దొరకదు, మన పరీక్షకి కావలసిందే ఆ భాగం.

"అమ్మా, కిందకి చూడొద్దు. ఎదురుగా గోడ మీది గడియారం చూస్తూ బజారుకి వెళ్లేటప్పుడు ఎలా నడుస్తారో అలా నడవండి" అంటాం. పెద్దవాళ్లయితే తాతగారూ అనో, మామ్మగారూ అనో పిలిచి, రెండు మూడుసార్లు ఊరికే నడిపించి, ఆ తర్వాతే రికార్డు మొదలుపెడతాం. చేతికర్రతో నడిచేవాళ్లని కర్రతోనే నడిపించాలి, కర్ర మాత్రం పలక మీద పడకూడదు. ఏ చేతిలో పట్టుకున్నారో రాయాలి. ఒక్కో కాలికి కనీసం మూడు, వీలైతే అయిదు మంచి అడుగులు తీసుకుని సగటు కట్టాలి. ఒకే అడుగు తీసి రిపోర్టు ఇవ్వడం తప్పు, అడుగడుక్కీ తేడా ఉంటుంది.

పనికిరాని అడుగుని గుర్తుపట్టడం అలవాటుతో వస్తుంది. మడమ అంచు పలక బయట పడటం, వేళ్లు తెగిపోవడం తెర మీదే కనిపిస్తాయి. కనిపించనివి వేరే ఉన్నాయి. పలక దగ్గరికి రాగానే తల వంచడం, అడుగు సాగదీయడం, లేదా చివర్లో చిన్న అడుగు వేసి సర్దుకోవడం. వీటిని పట్టుకోవాలంటే కంప్యూటరు తెర వైపు కాకుండా మనిషి వైపు చూస్తూ నిలబడే ఇంకొకరు ఉండాలి. వేగం కూడా చూసుకోవాలి. వేగం పెరిగితే మడమ కింద, ముందుభాగం కింద ఒత్తిడి పెరుగుతుంది. మనిషి భయపడి మెల్లగా నడిస్తే పాదం బాగున్నట్టు దొంగ అంకె వస్తుంది. పాదం నేల మీద ఉన్న కాలం మామూలు నడకలో 0.6 నుంచి 0.7 సెకన్లు ఉంటుంది. ఒకే మనిషి అడుగుల్లో ఒకటి 0.65, ఇంకొకటి 0.95 అని వస్తే ఆ రెంటినీ కలిపి సగటు కట్టకూడదు. ఇది యంత్రం చెప్పదు. మనమే చూసి తీసెయ్యాలి.

బొమ్మ చదవడంలో అందరూ పడే గుంట రంగులు. చాలా సాఫ్ట్‌వేర్లు ఆ అడుగులో వచ్చిన అత్యధిక విలువని ఎరుపుగా తీసుకుని మిగతా రంగులు పరుస్తాయి. అంటే 250 కిలోపాస్కల్ దాటని పాదంలోనూ ఎరుపు కనిపిస్తుంది, 900 దాటిన పాదంలోనూ అదే ఎరుపు కనిపిస్తుంది. ముందు, తర్వాత బొమ్మలు పక్కపక్కన పెట్టేటప్పుడు స్కేలుని ఒకే సంఖ్యకి బిగించాలి. స్కేలు అంకెలు లేని రంగుల కాగితం ఎవరైనా ఇస్తే, అంకెలున్న కాగితం అడిగి తీసుకోండి.

అంకెల్లో ముఖ్యంగా చూసేవి మూడు. ఒక్కో భాగంలో వచ్చిన అత్యధిక ఒత్తిడి కిలోపాస్కల్‌లో. ఆ ఒత్తిడి ఎంతసేపు ఉందో కూడా కలిపి చెప్పే ఒత్తిడి-కాలం మొత్తం, కిలోపాస్కల్-సెకన్లలో. ఇంకా నేలకి ఆనిన వైశాల్యం. మెల్లగా నడిచే పెద్దవాళ్లలో మొదటి అంకె మామూలుగానే ఉండి రెండోది బాగా ఎక్కువ ఉండొచ్చు. ఆ చర్మం దెబ్బ గట్టిగా తినడం లేదు కానీ ఎక్కువసేపు నలుగుతోంది. ఒట్టికాలి నడకలో ఇంత దాటితే పుండు ఖాయం అని చెప్పే ఒక్క అంకె అంటూ లేదు. స్పర్శ ఉందా, రక్తప్రసరణ ఎలా ఉంది, ఇంతకు ముందు పుండు పడిందా అన్నవి కలిపి చూడాలి. మంచి స్పర్శ ఉన్న మనిషికి అంకె పెద్దదైనా నొప్పి పుట్టి కాలు పక్కకి వేసుకుంటాడు. స్పర్శ పోయినవాడు అదే చోట వేసిందే వేస్తాడు.

ఈ సంగతిని మన దేశంలోనే గట్టిగా చెప్పినవాడు పాల్ బ్రాండ్. 1946లో వెల్లూరు వచ్చి కుష్ఠు రోగుల చేతులు, కాళ్ల మీద పని చేసిన సర్జన్ ఆయన. అరికాలి పుండ్లు కుష్ఠు వల్ల మాంసం దానంతటదే కుళ్లి రావడం లేదని, నొప్పి తెలియని కాలు ఒకే చోట మళ్లీ మళ్లీ ఒత్తిడి తిని పాడవుతోందని చూపించాడు. షుగరు పాదానికీ అదే సూత్రం. విశాఖలో దీన్ని అర్థమయ్యేలా చెప్పడానికి సింహాచలం గిరి ప్రదక్షిణ కన్నా మంచి లెక్క దొరకదు. ఆషాఢ పౌర్ణమికి తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, సీతమ్మధార, ఎన్ఏడీ మీదుగా కొండ చుట్టి వచ్చే దారి సుమారు 32 కిలోమీటర్లు. చాలామంది చెప్పుల్లేకుండా నడుస్తారు. అడుగు 64 సెంటీమీటర్లు అనుకుంటే మొత్తం 50,000 అడుగులు, ఒక్కో కాలికి 25,000. ఒక ఎముక తల కింద 600 కిలోపాస్కల్ పడే పాదం అయితే, ఒక్క రోజులో ఆ చోటే 25,000 సార్లు ఆ దెబ్బ తింటుంది. ఆ పండుగ ముందు "నడవొచ్చా?" అని అడిగేవాళ్లలో స్పర్శ పోయిన వాళ్లకి, పుండు పడి మానినవాళ్లకి ఒట్టికాలితో వద్దనే చెప్పాలి. భక్తిని తక్కువ చెయ్యకుండా, ఈ లెక్కే కాగితం మీద వేసి చూపిస్తే వింటారు.

సాఫ్ట్‌వేరు పాదాన్ని భాగాలుగా విడగొట్టడంలో కూడా పొరపాట్లు చేస్తుంది. మడమ, మధ్యభాగం, ఒక్కో వేలి మూలం, బొటనవేలు, మిగతా వేళ్లు అని గీతలు అదే గీసుకుంటుంది. మామూలు పాదానికి సరిపోతుంది. వేళ్లు కొక్కెంలా ముడుచుకుపోయినవాళ్లకి వేళ్ల గుర్తులు మూలాల గుర్తులతో కలిసిపోతాయి, బొటనవేలు తీసేసినవాళ్లకి లేని వేలికి పెట్టె గీస్తుంది. అప్పుడు చేత్తో సర్దాలి, సర్దినట్టు రాయాలి. వంపు సంగతికొస్తే, 1987లో కవనా, రాడ్జర్స్ అనే పరిశోధకులు చెప్పిన సూచీ ఇప్పటికీ పనికొస్తుంది. వేళ్లు వదిలేసి అడుగు ముద్రని పొడవునా మూడు సమభాగాలు చేసి, మధ్య భాగం వైశాల్యాన్ని మొత్తం వైశాల్యంతో భాగించాలి. 0.21 కంటే తక్కువైతే వంపు ఎత్తు, 0.26 కంటే ఎక్కువైతే చదును పాదం. బాగా లావుగా ఉన్నవాళ్లలో మెత్తని కండ నేలకి ఆని ఈ సూచీ పెరుగుతుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మి చదును పాదం అనెయ్యకూడదు.

ఒత్తిడి కేంద్రం గీత, అంటే పాదం మీద పడే ఒత్తిడి అంతటికీ మధ్య బిందువు అడుగు పొడవునా కదిలిన దారి కూడా చూడాలి. మామూలుగా అది మడమలో మొదలై, పాదం మధ్యకి కాస్త బయటి వైపుగా సాగి, ముందుభాగంలో లోపలికి తిరిగి బొటనవేలు దగ్గర ముగుస్తుంది. బొటనవేలి కీలు బిగుసుకున్నవాళ్లలో బొటనవేలి కిందే ఎరుపు పోగవుతుంది. పిక్క బిగువున్నవాళ్లలో మడమ నుంచి గీత తొందరగా ముందుకి దూకి, అక్కడే ఎక్కువసేపు తచ్చాడుతుంది. గీత సాఫీగా పోకుండా మెలికలు తిరిగితే చాలాసార్లు నడక తడబడటమే కారణం, జబ్బు కాదు. ఇంకో అడుగు తీసి చూడాలి.

ఒట్టికాలి పరీక్ష ప్రమాదం ఎక్కడుందో చెబుతుంది. చెప్పు దాన్ని ఎంత తగ్గిస్తోందో చెప్పాలంటే పలుచని సెన్సర్ షీటుని చెప్పుకీ పాదానికీ మధ్య పెట్టి కొలవాలి. ఇక్కడ మన ఊరి కష్టాలు మొదలవుతాయి. ఈ పరికరాలు బూట్ల కోసం తయారైనవి. మనవాళ్లు వేసుకునేవి చెప్పులు. హవాయి చెప్పులో షీటు నాలుగు అడుగులకే జారి పక్కకి పోతుంది. చేసే ఉపాయం, సెన్సర్‌ని పలుచని మేజోడు లోపల పాదానికి ఆనించి, మేజోడు మీద చెప్పు వెయ్యడం. వేలి పట్టీ ఉన్న చెప్పయితే బొటనవేలికీ రెండో వేలికీ మధ్య మేజోడు ఇరుకుతుంది, అక్కడ మడత పడి దొంగ చుక్క కనిపిస్తుంది. అందుకే వెనక పట్టీ, ముందు వెడల్పాటి వెల్క్రో పట్టీ ఉన్న చెప్పులోనే ఈ కొలత నమ్మకంగా వస్తుంది. స్పర్శ లేని పాదానికి వెనక పట్టీ ఎలాగూ ఉండాలి. లేకపోతే చెప్పు జారకుండా వేళ్లతో పట్టుకుని నడుస్తారు, వేళ్ల కొనలు నలుగుతాయి.

సెన్సర్ షీటుని కత్తిరించేటప్పుడు దాని మీది గీతల వెంటే కత్తిరించాలి. కరెంటు పారే గీత ఒక్కటి తెగితే వరుస మొత్తం చచ్చిపోతుంది. షీటు మడత పడిన చోట ఎప్పుడూ ఒత్తిడి చూపిస్తూనే ఉంటుంది. కాలు గాల్లో ఉన్నప్పుడు కూడా సున్నాకి రాని చోటుంటే అది మడతే, లేదా పట్టీ మరీ బిగించారు. ఒత్తిడికి నిరోధం మారే రకం సెన్సర్లు వేడికి కూడా స్పందిస్తాయి. అందుకని చెప్పులో పెట్టి కొన్ని నిమిషాలు నడిపించి, షీటు పాదం వేడికి వచ్చాకే క్యాలిబ్రేషన్ చెయ్యాలి, అంటే తెలిసిన బరువుతో సెన్సర్ అంకెల్ని సరిచూసుకోవాలి. మనిషి బరువుని సరైన తూకం మీద అప్పటికప్పుడే కొలవాలి, చెప్పిన బరువు రాసుకుంటే మొత్తం అంకెలన్నీ అదే నిష్పత్తిలో తప్పుతాయి. ఒంటికాలి మీద నిలబడి క్యాలిబ్రేషన్ చేసేటప్పుడు పెద్దవాళ్లకి పక్కన పట్టుకునే ఆసరా ఉండాలి. అయితే ఆసరా మీద బరువు వేస్తే క్యాలిబ్రేషన్ చెడుతుంది కాబట్టి వేళ్లు ఆనించమని మాత్రమే చెప్పాలి. ఎండాకాలం, వానాకాలం అని లేకుండా ఈ సముద్రపు ఊళ్లో పాదాలు చెమటతో తడుస్తూనే ఉంటాయి. ఒక్కో మనిషికీ మేజోడు మార్చాలి. షీటుని తయారీదారు చెప్పిన ద్రవంతోనే తుడిచి ఆరబెట్టాలి.

చెప్పు లోపలి పరీక్షలో ఒక్కో కాలికి కనీసం 12 అడుగులు కావాలి, మొదటివీ చివరివీ మలుపుల్లోవీ తీసెయ్యాలి. ఇంకా ఎన్ని తీసుకున్నా సగటు పెద్దగా మారదు, 12కి తగ్గితే నమ్మకం తగ్గుతుంది.

ఇక్కడ ఒక లక్ష్యపు అంకె ఉంది. షుగరు పాదాల అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, పుండు పడి మానిన పాదానికి చెప్పు లోపల ఆ చోట అత్యధిక ఒత్తిడి 200 కిలోపాస్కల్ లోపు ఉండాలి, లేదా ఇప్పుడు వాడుతున్న చెప్పుతో పోలిస్తే కనీసం 30 శాతం తగ్గాలి. ఈ 200 అన్నది 2 చదరపు సెంటీమీటర్ల సెన్సర్‌తో కొలిచిన అంకె. చిన్న సెన్సర్‌తో కొలిచి, 200 దాటిందని చెప్పుని తిట్టకూడదు. ఒట్టికాలి అంకెలకి ఈ 200 అసలు వర్తించదు. ఈ తేడా తెలియక ఒట్టికాలి రిపోర్టులో 350 చూసి భయపడిపోయేవాళ్లు ఉన్నారు.

సరిచెయ్యడం మొదలుపెట్టేటప్పుడు ఆ చోటు ఇన్‌సోల్ మీద సరిగ్గా ఎక్కడ పడుతుందో తెలియాలి. అరికాలి మీద ఆ చోట లిప్‌స్టిక్ చుక్క పెట్టి, చెప్పు వేసి కొన్ని అడుగులు నడిపిస్తే ఇన్‌సోల్ మీద గుర్తు పడుతుంది. ఆ తర్వాత మూడు దారులున్నాయి. గుర్తు పడిన చోట కొన్ని మిల్లీమీటర్ల లోతు తీసి మెత్తని పదార్థం నింపడం మొదటిది. గుంట మరీ చిన్నదైతే అంచు చర్మాన్ని కోస్తుంది, ఎముక తల కన్నా అన్ని వైపులా వెడల్పు తీసి, అంచులు వాలుగా చెక్కాలి. ఎముక తలలకి కాస్త వెనక మెత్తని దిండు అంటించి బరువుని వెనక్కి లాగడం రెండోది. ఇందులో మిల్లీమీటర్ల పనితనం ఉంది. దిండు కాస్త ముందుకి జరిగి ఎముక తల కిందకి వస్తే ఒత్తిడి తగ్గకపోగా పెరుగుతుంది, మరీ వెనక్కి పోతే ఏమీ చెయ్యదు. చేత్తో తడిమి అంటించినవాళ్లు ఎంత అనుభవం ఉన్నా, కొలిచి చూస్తే తప్ప తేలదు. ఈ పరీక్షకి అసలు విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది. మూడోది చెప్పు అడుగుభాగం వంగకుండా గట్టిగా ఉంచి, దాని ముందు కొసని పైకి వంచడం, అంటే రాకర్. వేళ్ల మూలాల దగ్గర పాదం వంగకుండానే ఒరిగి ముందుకి పోతుంది. ఒత్తిడి బాగా తగ్గించేది ఇదే. అయితే తూలే అలవాటున్న పెద్దవాళ్లకి ఇచ్చే ముందు నడిపించి చూడాలి.

ఒకేసారి మూడూ చేసేస్తే ఏది పని చేసిందో తెలియదు. ఒక మార్పు, ఒక కొలత, తర్వాత ఇంకో మార్పు. లెక్క ఇలా ఉంటుంది: పాత చెప్పులో 320 ఉందనుకోండి. 30 శాతం అంటే 96, కాబట్టి 224 కి దిగాలి. దిండు అంటించాక 265 వస్తే ఇంకా చాల్లేదు. దిండుని అయిదు మిల్లీమీటర్లు జరిపి, గుంట తీసి మళ్లీ నడిపించాలి. ఒక చోట తగ్గించినప్పుడు ఆ బరువు ఎక్కడికో పోతుంది, గాల్లో కలవదు. పక్క ఎముక తల కింద, పాదం మధ్యభాగం కింద కొత్తగా పెరగలేదని చూశాకే ఒప్పుకోవాలి.

పదార్థాల్లో మన దేశంలో కుష్ఠు పాదాల కోసం వాడుకలోకి వచ్చిన ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) ఇప్పటికీ బాగా పని చేస్తుంది. మెత్తని ఎంసీఆర్ పైన, మేకులు, గాజుముక్కలు దిగని గట్టి అడుగు కింద ఉండాలి. కింద గట్టి అడుగు లేని ఎంసీఆర్ చెప్పు ఈ రోడ్ల మీద పనికిరాదు. స్టీల్ ప్లాంటు, పోర్టు పనుల్లో ఉండేవాళ్ల సేఫ్టీ బూటు వేరే సమస్య. ముందు ఇనుప తొడుగు వల్ల లోపల ఎత్తు తక్కువ, మందం ఇన్‌సోల్ వేస్తే వేళ్ల పైభాగం తొడుగుకి రాసుకుంటుంది. అరికాలి అంకె తగ్గి, వేళ్ల పైన పుండు పడుతుంది, దాన్ని సెన్సర్ చూడదు. ఒక సైజు పెద్ద, లోతు ఎక్కువున్న బూటు తెప్పించి అప్పుడు ఇన్‌సోల్ వెయ్యాలి.

చెప్పు ఎంత బాగా కుదిరినా గుమ్మం బయట విడిచేస్తే లోపల జరిగే నడకకి అది అక్కరకు రాదు. నెదర్లాండ్స్‌లో పుండు మానిన 171 మంది షుగరు రోగుల మీద 18 నెలలు సాగి, 2013లో ప్రచురితమైన పరిశోధన ఉంది. ఒత్తిడి కొలిచి సరిచేసిన పాదరక్షలు ఇచ్చినవాళ్లలో 38.8 శాతం మందికి, మామూలుగా చేసి ఇచ్చినవాళ్లలో 44.2 శాతం మందికి పుండు తిరగబెట్టింది. చెప్పుకోదగ్గ తేడా కాదు. కానీ వేసే అడుగుల్లో 80 శాతమైనా ఆ పాదరక్షలతో వేసినవాళ్లని విడిగా చూస్తే 25.7 శాతానికీ 47.8 శాతానికీ తేడా వచ్చింది. వాళ్లు కూడా ఇంట్లో వేసుకున్నది బయటకంటే తక్కువే. ఇక ఇంట్లో చెప్పులు వేసుకోవడమే తప్పనుకునే మన సంగతి వేరే చెప్పాలా? అందుకే మేం ఇంటి కోసం శుభ్రమైన రెండో జత విడిగా చేయించమంటాం, దాన్ని కూడా అదే సెన్సర్‌తో కొలుస్తాం. వంటగది గట్టు దగ్గర నిలబడేటప్పుడు, తెల్లవారుజామున బాత్రూముకి వెళ్లేటప్పుడు వేసుకోవలసిన జత అది. దేవుడి గదిలోకి మాత్రం విడిచి వెళ్తామంటే, అక్కడ చాప మీద మెత్తని పరుపు వేసుకుని కూర్చునే ఏర్పాటు చేసుకోమంటాం.

యంత్రం దొరకని చోట హ్యారిస్ మ్యాట్ వాడొచ్చు. 1947లో కెనడా సైనికుల పాదాల సర్వేతో పేరొచ్చిన రబ్బరు చాప అది. మూడు ఎత్తుల్లో గళ్లు ఉంటాయి. సిరా రాసి, పైన కాగితం వేసి, దాని మీద నడిపిస్తే తక్కువ ఒత్తిడి పడిన చోట ఎత్తైన పెద్ద గళ్లే అచ్చు పడతాయి, ఎక్కువ పడిన చోట చిన్న గళ్లు కూడా పడి నల్లగా ముద్దవుతుంది. కిలోపాస్కల్ చెప్పదు, ప్రమాదపు చోటు చూపిస్తుంది. సిరా ఒకే మందంలో రాయడం, ఎక్కువైతే అంతా నల్లబడటం అన్నదే దీనిలో కష్టం. రోలరుతో పలుచగా రాసి, మొదటి కాగితం పారేసి రెండో దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

రిపోర్టులో యంత్రం పేరు, సెన్సర్ వైశాల్యం, సెకనుకి ఎన్ని కొలతలు, ఆ రోజు బరువు, ఒట్టికాలా చెప్పా, ఏ చెప్పు, నేల మీద ఉన్న కాలం, లెక్కలోకి తీసుకున్న అడుగులు, ప్రమాదపు చోట ముందు అంకె, తర్వాత అంకె ఉండాలి. ఆ వివరాలుంటే మళ్లీ వచ్చినప్పుడు వేరేవాళ్లు చేసినా పోల్చవచ్చు. మూడు నెలలకోసారి ఇన్‌సోల్ బయటకి తీసి, పుండు పడిన చోట బొటనవేలితో నొక్కి చూడాలి. నొక్కిన గుంట వెంటనే లేవకపోతే, పక్క భాగం కంటే గట్టిగా తగిలితే అది అరిగిపోయినట్టే. చెప్పు పైకి కొత్తగా కనిపిస్తున్నా కొత్త ఇన్‌సోల్ వేయించి, మళ్లీ 12 అడుగులు కొలిపించుకోవాలి.